భోజనాల బల్ల దగ్గర నా ఖాళీ ప్లేటు

తిండి మానేసిన పిల్లల వార్డులో నర్సులుగా చేరబోయే అమ్మాయిలకు మొట్టమొదట చెప్పేది ఒకటే. మీరు తినాలి. పేషెంటు ఎదురుగా కూర్చుని, ఆ పిల్లకు పెట్టిందే మీరూ పెట్టించుకుని, ఆఖరి మెతుకు దాకా తినాలి. సూదులూ మందులూ ఎవరైనా నేర్పుతారు. ఇది మాత్రం నాకు నేర్పబోయినా నేను నేర్చుకోలేదు. అందువల్ల ఒక పిల్ల విషయంలో ఏం జరిగిందో రాయడానికి కూర్చున్నాను.

నేను రిటైరైన రోజు శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, అనుభవాలు చెప్పమన్నారు. ఓర్పు, సేవ, ప్రేమ అంటూ నాలుగు మాటలు చెప్పి దిగిపోయాను. వెనక వరుసలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు నా మాటల్ని నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. వాళ్ళను చూస్తే సిగ్గేసింది. ఆ రోజు చెప్పనిదే ఇది.

మాది ఒంగోలు దగ్గర. నర్సింగ్ చదివి బెంగళూరు వచ్చాను. చివరి పదకొండేళ్ళు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, తిండి మానేసే జబ్బుతో వచ్చే ఆడపిల్లల వార్డులో పనిచేశాను. ఆ ఆస్పత్రి పేరు రాయను. ఎవరెంత బరువుండేవాళ్ళో, తిండిని ఎలా తప్పించుకునేవాళ్ళో అది కూడా రాయను. ఈ జబ్బున్న పిల్లలు అలాంటి రాతల్ని పరీక్షకు గైడు చదివినట్టు చదువుతారు.

వార్డులో ఒక రోజు

బయటివాళ్ళకు ఈ జబ్బంటే నవ్వు. "రెండు తగిలిస్తే అదే తింటుంది" అని ఒక పిల్ల మేనమామ నాతోనే అన్నాడు. పొగరనీ, ఫ్యాషననీ అనుకుంటారు. ఇది చంపే జబ్బని చివరిదాకా నమ్మరు. ఆకలి వేయక తినకపోవడం కాదు ఇది. ఆ పిల్లలకు ఆకలి వేస్తుంది. వేసిన ఆకలి ముందు ఓడిపోకూడదని ఇరవై నాలుగ్గంటలూ కాపలా కాస్తుంటారు. అంత కష్టమైన ఉద్యోగం నేను ఎక్కడా చూడలేదు.

పొద్దున్న ఆరింటికి లేపి బరువు చూస్తాం. పిల్ల కాటాకు వీపు పెట్టి నిలబడాలి, అంకె తనకు కనబడకూడదు. అంకె కనబడదు కాబట్టి నా మొహం చూసేవాళ్ళు. నా కనుబొమ్మ కదిలితే ఆ రోజంతా పాడే. కాబట్టి గోడలా నిలబడడం నేర్చుకున్నాను. ఎనిమిదింటికి టిఫిను, పదిన్నరకు పాలో పండో, ఒంటిగంటకు భోజనం, నాలుగున్నరకు ఉప్మానో బన్నో, ఏడున్నరకు మళ్ళీ భోజనం, పడుకునే ముందు పాలు. ఆరుసార్లు తినడం అంటే ఆరుసార్లు యుద్ధం. ప్రతి భోజనానికీ అరగంట టైము. చేతులు బల్ల మీదే ఉండాలి. తిండి గురించీ ఒంటి గురించీ ఎవరూ మాట్లాడకూడదు. తిన్నాక ఒక గంట అందరూ హాల్లోనే కూర్చోవాలి, బాత్రూము తలుపు తాళం తీయం. ఆ గంటలో లూడో ఆడేవాళ్ళు, కాలేజీ పుస్తకాలు తెరుచుకునేవాళ్ళు, ఊరికే ఏడ్చేవాళ్ళు. ఫోను రోజుకు అరగంట. ఆదివారం సాయంత్రం అమ్మానాన్నలు వస్తారు.

ఇంతే. రేపూ ఇంతే. ఎల్లుండీ ఇంతే. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు, బయట తోటివాళ్ళు మెట్రో ఎక్కి సినిమాలకు తిరుగుతుంటే, ఒక ఇడ్లీ ముందు కూర్చుని వణికిపోతుంటారు.

కెజియా

కెజియా జనవరి నెలాఖరులో వచ్చింది. పదిహేడేళ్ళు, సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడు. తండ్రి ఫ్యాక్టరీలుండే పీణ్యలో ఒక మెషిన్ షాపులో సూపర్‌వైజరు, తల్లి నర్సరీ స్కూలు టీచరు. చీరాల వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. మా వాళ్ళే, క్రైస్తవులు. తెలుగు చర్చికే వెళతారు. అడ్మిషన్ రోజు ఆ తల్లి నన్ను చూసి "వందనాలు సిస్టర్ గారూ, దేవుడే మిమ్మల్ని ఇక్కడ పెట్టాడు" అని చేతులు పట్టుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

పిల్ల ఎండలో కూడా స్వెట్టరు తీసేది కాదు. ఎప్పుడూ చలి. చేతుల మీద పసిపాపకున్నట్టు నూగు వెంట్రుకలు. ఒళ్ళు వెచ్చదనం కోసం తంటాలు పడుతున్న గుర్తు అది. బయాలజీ పుస్తకం ఎప్పుడూ ఒళ్ళోనే, కానీ ఒకే పేజీ. నన్ను "సిస్టరాంటీ" అని పిలిచేది. వంటల గురించి ఎంత తెలుసో! గోంగూర ఎలా వేయించాలి, రొయ్యల కూరలో మామిడికాయ ఎప్పుడు వేయాలి, అన్నీ చెప్పేది. వార్డు ఆయా మునిరత్నమ్మను రోజూ అడిగేది, ఇంట్లో ఈరోజు ఏం వండావని. విని, కళ్ళు మూసుకుని, "ఇంకా?" అనేది. నేను ముచ్చటపడ్డాను. మునిరత్నమ్మ మాత్రం పక్కకొచ్చి కళ్ళు తుడుచుకుంది. "ఆకిలి సిస్టరమ్మా అది. చెవుల్తో తింటా ఉండాది" అంది.

మునిరత్నమ్మ గురించి చెప్పాలి. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగు వాళ్ళు. సంతకం తప్ప చదువు లేదు. బల్ల దగ్గర ఆమె కూర్చుంటే ఆ పూట ప్లేట్లు ఎక్కువ ఖాళీ అయ్యేవి. ఆమె బతిమాలేది కాదు, పొగిడేది కాదు. తన ముద్ద తాను హాయిగా కలుపుకుని తినేది. "సుమ్నే, ఊరికే చూస్తా కూచుంటే చల్లారిపోతాది పాపా" అని ఒక్క మాట. అంతే. మా పెద్ద డాక్టరమ్మ పెట్టిన నియమం కూడా అదే: బల్ల దగ్గర కూర్చున్న స్టాఫు పేషెంటు తినేదే తినాలి. ఎదురుగా ఒక మామూలు మనిషి మామూలుగా అన్నం తింటుంటే, అన్నం అనేది భయపడాల్సినది కాదని ఆ పిల్ల కళ్ళకు కాస్తయినా తెలుస్తుందని ఆమె చెప్పేది. ఆవిడ నోరు కటువు, రౌండ్స్‌లో అందరినీ ఏడిపించేది. కానీ ఈ ఒక్క సంగతిలో ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

రెండో ఆదివారం కెజియా తల్లి ఫోనులో ఒక వీడియో చూపించింది. కిందటేడు ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో పిల్ల నలభై రోజులూ సాయంత్రం దాకా ఉపవాసం ఉందట. చర్చి యూత్‌లో ఇంకెవరూ పూర్తిచేయలేదట. పాస్టరు గారు ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించి, బైబిలు బహుమానంగా ఇచ్చారు. తెల్ల చుడీదార్‌లో పిల్ల మైకు పట్టుకుని నవ్వుతోంది, చర్చి అంతా చప్పట్లు. "ఆ తర్వాత అసలు ఆపలేదు సిస్టర్. మొదట్లో భక్తే అనుకున్నాం" అంది తల్లి.

అక్కడే నాకు వెలగాల్సింది. వెలగలేదు. "ఎంత బాగా చెప్పిందమ్మా సాక్ష్యం!" అన్నాను.

నా నలభై రోజులు

మా నాన్న ఆపరేషన్ గట్టెక్కిన ఏడాది నేను ఒక తీర్మానం చేసుకున్నాను. అప్పటికి నాకు ఇరవై రెండు. బతికినన్నాళ్ళూ శ్రమదినాలు నలభై రోజులూ, మిగతా ఏడాదంతా శుక్రవారాలూ సాయంత్రం ఆరుదాకా ఉపవాసం. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, మంచాన పడినా తప్పలేదు. చర్చిలో నాకు ఆ పేరుంది. ఆ పేరంటే నాకు ఇష్టమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వార్డులో ఏటా ఆ రోజుల్లోనూ, శుక్రవారాల్లోనూ మధ్యాహ్నం బల్ల డ్యూటీ నాది కాకుండా చూసుకునేదాన్ని. ఆ ఏడు ఇద్దరు స్టాఫు ఒకేసారి మానేశారు. శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం మర్నాడు ఒంటిగంటకు బల్ల దగ్గర నేనే కూర్చోవాల్సి వచ్చింది. ప్లేటు ముందు పెట్టుకున్నాను, వడ్డించుకోలేదు. పక్కన మంచినీళ్ళ గ్లాసు. ఒక్క పూటేగా అనుకున్నాను. మర్నాడూ నేనే. ఆ మర్నాడూ నేనే.

కెజియా మూడోరోజు అడిగింది. "ఆంటీ, మీరు లెంట్ చేస్తున్నారా?"

"అవునమ్మా."

"ఫుల్ ఫార్టీ డేసా?"

"ఇరవై రెండో ఏట నుంచి ఒక్కరోజు తప్పలేదు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో గర్వం నాకే వినబడింది.

పిల్ల మొహం వెలిగిపోయింది. వచ్చిన దగ్గర్నుంచి అలా చూడలేదు. ఆ రోజు నుంచి నన్ను వదిలేది కాదు. పక్కన కూర్చుని వాక్యాలు అడిగేది, నాతో ప్రార్థన చేసేది. ప్లేటు దగ్గర గొడవ లేదు, ఏడుపు లేదు. తినేది మాత్రం మెల్లగా తగ్గుతోంది. నేను రౌండ్స్‌లో రిపోర్టు ఇచ్చాను: పేషెంటు మనసు విప్పుతోంది, సిస్టరుతో చనువు పెరిగింది. రాసి సంతకం పెట్టాను. ఆ పిల్లకు కావలసింది చనువు కాదు. తను చేస్తున్నది తప్పు కాదని చెప్పే ఒక పెద్దమనిషి. ఆ మనిషి తెల్ల యూనిఫాంలో ఎదురుగా ఖాళీ ప్లేటుతో కూర్చుంది.

మునిరత్నమ్మ ఒకరోజు నన్ను వంటింటి దగ్గర ఆపింది. "ఏంది సిస్టరమ్మా ఇది? తినని పాప ముందర నువ్వు గూడ తినకుండా కూసుంటే ఆ పాప ఏమనుకుంటాది?"

"నాది దేవుని కోసం మునిరత్నమ్మా. దానిది జబ్బు."

"నీకు తెలుసప్పా. ఆ పాపకి తెలుసునా?"

ఆయా నాకు పాఠాలు చెప్పడమేమిటని మొహం ముడుచుకుని వచ్చేశాను.

పది రోజులు గడిచాక కెజియా ప్లేటు ముందుకు నెట్టేసింది. డాక్టరమ్మ వచ్చి ఎందుకు తినవని అడిగితే నిదానంగా చెప్పింది. "ఆంటీ తినకపోతే దేవుడు ఒప్పుకుంటాడు. నేను తినకపోతే జబ్బు. డిఫరెన్స్ ఏంటి మేడం?" బల్ల చుట్టూ ఉన్న పిల్లలంతా నావైపు చూశారు. మునిరత్నమ్మ చూడలేదు, తల వంచుకుంది.

డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "దేవుణ్ణి వదులుకోమనడం లేదు సిస్టర్. రేపు ఒంటిగంటకు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఒక్క భోజనం తినండి. ఎందుకు ఉపవాసం ఆపారని అడుగుతుంది. 'నీకోసం' అని చెప్పండి. నేను నూరుసార్లు చెప్పినా వినని మాట మీరు చెబితే వింటుంది" అంది.

ఒక్క భోజనం. అన్నం, సాంబారు, బీన్స్ పల్యం అనే కూర, పెరుగు.

నేను కుదరదన్నాను. అది తీర్మానం, ముప్ఫై ఏళ్ళకు పైగా తప్పలేదు అన్నాను. ఆవిడ "అయితే బల్ల డ్యూటీ మానేయండి" అంది. మానేశాను. మరో షిఫ్టుకు మార్పించుకున్నాను. ఒక్క పూట అన్నం తినమంటే ఆ పిల్ల ఎదుట నుంచే తప్పుకున్నాను. దేవుడు ఆ పూట నన్ను తినమనే అనుంటాడని ఇప్పుడు నా నమ్మకం. అప్పుడు నాకు దేవుడి కంటే నా లెక్క తప్పకపోవడమే ముఖ్యమైంది.

సంగతి పిల్లకు తెలిసింది. వార్డులో ఏదీ దాగదు. కారిడార్లో నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది. "మిమ్మల్ని కూడా ఫోర్స్ చేశారంట కదా ఆంటీ? అయినా ఒప్పుకోలేదంట కదా?"

ఆ కళ్ళల్లో మెచ్చుకోలు. నా జీవితంలో ఎవరూ నన్ను అంతగా మెచ్చుకోలేదు. అవునో కాదో చెప్పకుండా చెయ్యి విడిపించుకున్నాను.

ఆ మర్నాటి నుంచి పూర్తిగా మానేసింది. ముక్కులోంచి గొట్టం వేయాల్సి వచ్చింది. గొట్టం వేయడంలో నా చెయ్యి తేలిక అని పేరు, అందుకని నన్నే పిలిచారు. మునిరత్నమ్మ పిల్ల తల కదలకుండా పట్టుకుంది. పిల్ల పెనుగులాడలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం చెవుల్లోకి కారాయి. "సారీ ఆంటీ" అంది. నాకు సారీ చెప్పింది! ఓడిపోయి నా పరువు తీశాననుకుంది.

ఈస్టర్ తర్వాత

ఈస్టర్ మర్నాడు సోమవారం నేనే అడిగి బల్ల డ్యూటీ వేయించుకున్నాను. అప్పటికి గొట్టం తీసేశారు. నిండా వడ్డించుకుని కెజియా ఎదురుగా కూర్చున్నాను. "లెంట్ అయిపోయిందిగా నాన్నా. ఇక ఇద్దరం కలిసి తిందాం" అన్నాను, పెద్ద తెలివైనదానిలాగా.

ఆ పిల్ల నేను తినడం చూసింది. సగం భోజనం అయ్యేదాకా చూసింది. తర్వాత కోపమేమీ లేకుండా, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు చెప్పింది. "మీకు ఈస్టర్ ఉంది ఆంటీ. నేను ఏ రోజు ఆపాలో నాకెవరూ చెప్పలేదు."

ఈ జబ్బు గురించి చదివిన పుస్తకాల్లో కూడా ఈ మాట ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. దేవుడి కోసం మొదలుపెట్టిన పిల్లకు దేవుడి మనిషిగా కనబడింది నేనొక్కదాన్నే. ఆపమని చెప్పగలిగినదాన్నీ నేనే. చెప్పాల్సిన రోజున నా ఉపవాసం నాకు ముద్దయింది.

మే నెలలో తండ్రి వచ్చి తీసుకువెళతానన్నాడు. గొట్టం పుణ్యమా అని బరువు కాస్త పెరిగింది, అది చూసి నయమైందనుకున్నాడు. డాక్టరమ్మ వద్దని ఎంత చెప్పినా వినలేదు. "ఇంట్లో పెట్టుకుని ప్రార్థన చేయించుకుంటాం మేడం. ఇక్కడ పిల్ల జైల్లో ఉన్నట్టుంది" అన్నాడు. నా వైపు తిరిగి, "మీరు చెప్పండి సిస్టర్, ప్రార్థన కన్నా పెద్ద మందుందా?" అని అడిగాడు. ఆయనను ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ పిల్ల జబ్బు ఉపవాసంతోనే మొదలైందనీ, నేను దాన్ని పెంచాననీ చెబితే చాలు. చెప్పకుండా పెన్ను అందించాను. ఆయన కాగితాల మీద సంతకం పెట్టాడు. కెజియా వెళుతూ నాకు తన బయాలజీ పుస్తకంలోంచి ఒక కాగితం ఇచ్చింది. రొయ్యల కూర ఎలా వండాలో నీటుగా రాసి ఉంది.

ఇలా వెళ్ళినవాళ్ళలో కొందరు మళ్ళీ వస్తారు. బాగుపడినవాళ్ళూ ఉన్నారు, పెళ్ళిపత్రికలు పట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి రాసే అర్హత నాకు లేదనిపిస్తుంది. వాళ్ళను మునిరత్నమ్మ బాగుచేసింది.

ఆగస్టులో కెజియా పోయింది. పొద్దున్నే స్నానానికి వెళ్ళి బాత్రూములో పడిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఒళ్ళు తన కండను తానే తినేశాక చివరికి గుండె దగ్గరికి వస్తుంది. నాకు ఆ సంగతి తెలుసు, రోజూ కొత్త నర్సులకు పాఠంలా చెప్పేదాన్ని.

ఆదరణ కూడిక

వారం తర్వాత ఇంటివాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు ఆదరణ కూడిక పెట్టారు. పీణ్యలో ఇరుకు సందు, సందులో షామియానా. పక్క షెడ్డులో మెషిన్లు ఆ పూటకు ఆపేశారు. ఫోటోలో కెజియా అదే తెల్ల చుడీదార్‌లో, అదే మైకుతో ఉంది. నేనూ మునిరత్నమ్మా వెనక కుర్చీల్లో కూర్చున్నాం.

పాస్టరు గారు చెడ్డమనిషి కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చారు. "ఉపవాసంలో ఇంత ఆసక్తి గల బిడ్డను నా సేవలో చూడలేదు" అన్నారు. యూత్ పిల్లలంతా, ఆడపిల్లలే ఎక్కువ, వరుసగా కూర్చుని వింటున్నారు. ఎవరైనా రెండు మాటలు చెప్పాలంటే చెప్పవచ్చన్నారు. తండ్రి నావైపు చూశాడు. లేచాను. ఆ ఆడపిల్లల్ని చూశాను. ఉపవాసం కాదమ్మా, జబ్బు చంపింది, దానికి నేను తోడ్పడ్డాను అని చెప్పాలి. "చాలా మంచి పిల్ల" అని కూర్చున్నాను. మునిరత్నమ్మ నావైపు చూడలేదు. ఆమె నన్ను అసహ్యించుకుంటే బావుండుననిపించింది. అదీ చేయలేదు. నా చేతి మీద చెయ్యి వేసింది.

తర్వాత భోజనాలు. అందరికీ విస్తళ్ళు వేస్తున్నారు. తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. చేతిలో స్టీలు గ్లాసు.

"ఈరోజు శుక్రవారం కదా సిస్టర్ గారూ, మీరు తినరు కదా. మజ్జిగ తెచ్చాను."

"మీకెలా తెలుసమ్మా?"

"పాప చెప్పేది. ఇంటికొచ్చాక ఎప్పుడూ మీ మాటే. 'డాక్టర్ అడిగినా మా సిస్టరాంటీ తినలేదమ్మా, తనలాగా స్ట్రాంగ్‌గా ఎవరూ ఉండలేరు' అని. అన్నం తినమని నేను ఏడిస్తే మీ పేరు చెప్పేది." ఆమె నిందించడం లేదు. కూతురు ఇష్టపడిన మనిషికి మర్యాద చేస్తోంది.

గ్లాసు పట్టుకున్నాను. ఆ గ్లాసు కింద పెట్టేసి అడిగాను. "నాకు అన్నం పెట్టండమ్మా."

"ఉపవాసం కదా సిస్టర్, ఫర్వాలేదు..."

"పెట్టండి."

ఆమెకు అర్థం కాలేదు. అయినా వెళ్ళి తెచ్చింది. అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు. మునిరత్నమ్మ జరిగి చోటిచ్చింది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు శుక్రవారాల్లో మొదటిసారి పగటిపూట ముద్ద కలిపాను. తల్లి అక్కడే నిలబడి చూసింది.

"పాప చూసుంటే నమ్మేది కాదు సిస్టర్" అంది.

ఆఖరి మెతుకు దాకా తిన్నాను. అయిదు నెలల కిందట, ఒంటిగంటకు, ఆ పిల్ల ఎదురుగా తినాల్సిన అన్నం అది.